బి-ఫారం నుంచి బిల్లు దాకా

తమ్ముళ్లూ, "అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో కూడా ఓటర్లే తేలుస్తారంట, నిజమేనా అన్నా?" అని మీలో కొందరు అడిగారు. నిజమే, వాటిని ప్రైమరీ ఎన్నికలంటారు. మన పులివెందులలోనైనా, జమ్మలమడుగులోనైనా పార్టీ పెద్దలిచ్చే బి-ఫారమే టికెట్టు. నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం మూడింటిలోగా అది అందకపోతే పార్టీ గుర్తు రాదు. గెలిచాక విప్ ధిక్కరిస్తే, 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ ప్రకారం పదవికే ముప్పు. అమెరికాలో ఆ భయం లేదు. 2017లో సెనేటర్ మెకెయిన్ సొంత పార్టీ ఆరోగ్య బిల్లుకే వ్యతిరేకంగా ఓటేశారు, అది 49-51తో వీగిపోయింది.

మరి మెజారిటీ ఉంటే మన దగ్గర బిల్లు సాఫీగా పోతుందా? కర్నూలుకు హైకోర్టు అన్న మూడు రాజధానుల బిల్లునే చూడండి. 2019లో 175కు 151 సీట్లు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ దాన్ని 2020 జనవరిలో శాసనసభలో నెగ్గించుకుంది. మండలిలో బలం తెలుగుదేశానిది. 22న చైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజులకే, మండలినే రద్దు చేయాలని సభ తీర్మానించింది! నిజానికి 197వ అధికరణం ప్రకారం మండలి బిల్లును మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. (పరీక్షల్లో ఈ రెండు గడువులూ తారుమారు చేస్తుంటారు, జాగ్రత్త.) జూన్‌లో బిల్లు మళ్లీ వచ్చింది, జూలై 31న గవర్నర్ ఆమోదించారు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్నీ, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి హైకోర్టు మాట మన సీమకు మళ్లీ మాటగానే మిగిలింది.