వంటయింటి నిప్పు – వామికి ముప్పు



కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడి గ్రామములలో మాఘమాసమునాటికి జొన్నకోతలు ముగియవచ్చి, ఇండ్లయొద్ద సొప్పవాములు లేచును. అటుపిమ్మట వచ్చు వేసవిలో ఎండ 40 డిగ్రీలను మించును. బావులలో నీ రడుగంటును. పశువులకు తొలకరివఱ కాధారమగు మేత మిక్కిలి యెండియున్న దినములలోనే, మంట నార్పుటకు నీరును కొఱవడుచున్నది. ఆ దినములలో వంటకొట్టమున లేచిన నిప్పురవ్వ యొకటి గాలికి వామిపై బడినచో, అప్పుచేసి కొన్న యెద్దులను మేతలేక సంతకు తోలవలసి వచ్చును. కావున నిప్పును నీటితో నార్పుద మను నమ్మకము మన సీమలో చాలదు. నిప్పునకు మేతను దూరముగా నుంచుట, నిప్పు లేచినచో మూతవేయుట – ఈ రెండును నేర్వవలెను.

కట్టెలపొయ్యి: కందికట్టె, ప్రత్తికట్టె, వేరుసెనగపొట్టు శీఘ్రముగా రగులుకొనును. ఆ పూటకు వలసినంతయే లోపలికి దెచ్చి, పొయ్యికి ఎడముగా నుంచవలెను. బోదకొట్టమైనచో పొయ్యివెనుక తడికెకు మందముగా మట్టి మెత్తవలెను. మండని పొయ్యిలో కిరసనాయిలు, పెట్రోలు పోయరాదు. నివురుగప్పిన నిప్పు మఱునాటివఱకును బ్రతికియుండును గావున, బూడిదను దిబ్బపై పాఱబోయక, గుంటలో వేసి పాత్రలు కడిగిన నీటితో తడుపవలెను.

గ్యాసుపొయ్యి: 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకమును వచ్చిన పిదప పల్లెలలో గ్యాసుపొయ్యి వ్యాపించినది. అయినను స్నానపు నీళ్లకును, జొన్నరొట్టెలకును కట్టెలపొయ్యి పెక్కిండ్లలో నిలిచియే యున్నది. రెండును ఒకే గదిలో నుండుట మిక్కిలి యపాయకరము. ఏలయన, వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినప్పుడు పైకి పోక నేలబారున ప్రాకును. మన కట్టెలపొయ్యియు నేలమీదనే యుండును గదా! గ్యాసు వాసన వచ్చినచో అగ్గిపుల్ల గీయరాదు, విద్యుద్దీపపు మీట నొక్కరాదు. రెగ్యులేటరును కట్టివేసి, తలుపులు, కిటికీలు తెఱచి, అందఱును వెలుపలికి వచ్చి 1906 నంబరునకు తెలుపవలెను. సిలిండరును నిలువుగా నుంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన బండపై నమర్చవలెను. రబ్బరు గొట్టమును ఐదేండ్ల కొకసారి తప్పక మార్చవలెను; పగుళ్లు కనబడినచో అంతవఱకు ఆగరాదు.

నూనె మంట: బాణలిలో నూనె అంటుకొన్నప్పుడు నీరు పోయుట పెద్ద పొరపాటు. నీరు నూనెకంటె బరువైనది. అడుగునకు దిగి, ఆ వేడికి తత్‌క్షణమే ఆవిరియై సుమారు 1,700 రెట్లు పెరుగును. ఆ విసురునకు మండుచున్న నూనె కప్పువఱ కెగయును. అందుచేత పొయ్యి నార్పి, బాణలిని కదపక, ప్రక్కనుండి పెద్ద మూతను జరుపవలెను. గాలి అందనిచో మంట తానే ఆఱును. చల్లాఱువఱకు మూత తీయరాదు.

బట్ట అంటుకొన్నచో: పరుగెత్తినకొలది మంట పెరుగును. వెంటనే నేలపై పడి పొరలవలెను; ప్రక్కవారు గొఱ్ఱెబొచ్చు కంబళిని చుట్టవలెను. ఉన్ని తేలికగా మండదు. పిదప కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. నీటికఱవు దినములలోను దీనికై ఒక కడవ నింపియే యుంచుడు. పసుపు, నెయ్యి, సిరా, పండ్లపొడి పూయరాదు. శుభ్రమైన బట్ట కప్పి 108కి తెలుపవలెను. ఇల్లు గాని వామి గాని అంటుకొన్నచో 101కి తెలుపవలెను.

సభ్యులెల్లరు ఈ రాత్రియే తమ వంటయింటిని ఒకమాఱు చూచుకొందురు గాక: పొయ్యిదగ్గఱ మూత యున్నదా? చిలుకకొయ్యకు కంబళి యున్నదా? బూడిదకు గుంట యున్నదా? వీనికి వ్యయము లేదు. వామి కాలిన పిదప సంఘము అప్పు నీయగలదు గాని, ఆ యేటి మేతను మరల మొలిపింపజాలదు.