మోల్డ్‌కి సరే అనే ముందు

స్మార్ట్ స్పీకరో, వాచీయో, ఇయర్‌బడ్సో తయారుచేసే స్టార్టప్‌లో చేరబోయే మెకానికల్ ఇంజనీర్లలో చాలామంది క్యాడ్ బాగా వస్తే చాలనుకుంటారు. క్యాడ్ రావాలి, అందులో అనుమానం లేదు. అయితే మీకు జీతమిచ్చేది ముఖ్యంగా ఒక నిర్ణయం కోసం: లక్షలు పోసి చేయించే మోల్డ్‌కి ఎప్పుడు సరే అనాలి, ఎప్పుడు ఇంకో వారం ఆగమనాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు తప్పు దొర్లితే రాత్రికి రాత్రి దిద్ది అప్‌డేట్ పంపేస్తారు. ఉక్కులో చెక్కాక మనకా వీలుండదు. పెద్ద కంపెనీలో మోల్డ్‌కి పంపే డ్రాయింగ్ మీద నాలుగైదు సంతకాలుంటాయి. చిన్న స్టార్టప్‌లో మెకానికల్ మనిషి తరచుగా ఒక్కరే, ఆ ఒక్కరూ మీరే.

అందుకని మోల్డ్ స్వభావం ముందు ఒంటబట్టాలి. ప్లాస్టిక్ భాగంలో ఒకచోట మందం పెంచాలంటే మోల్డ్‌లో ఉక్కు ఇంకాస్త కోస్తే సరిపోతుంది. తగ్గించాలంటే మాత్రం ఉక్కు చేర్చాలి. వెల్డింగ్, మళ్లీ మెషినింగ్, మళ్లీ పాలిష్. అనుభవమున్నవాళ్లు స్నాప్ కొక్కేలను మొదటి ట్రయల్‌లో కావాలనే కాస్త వదులుగా పెడతారు, బటన్‌ను కాస్త చిన్నదిగా ఉంచుతారు. పీసులు చేతికొచ్చాక చూసుకుంటూ బిగిస్తారు. దీన్నే టూల్‌రూమ్‌లో స్టీల్ సేఫ్ అంటారు. నిలువు గోడలకు కనీసం ఒక డిగ్రీ వాలు ఇవ్వండి, పైన టెక్స్చర్ ఉంటే ఇంకా ఎక్కువ. ఇడ్లీ గుంతకి వాలు లేకపోతే ఇడ్లీ ఎలా ఊడొస్తుంది? లోపలి రిబ్ మందం బయటి గోడలో 60 శాతం దాటితే పైన నునుపు ముఖం మీద సింక్ మార్క్ పడుతుంది. డిజైనర్ కన్ను ముందు దాని మీదకే పోతుంది.

మోల్డ్ చేయించాక ప్లాస్టిక్ రకం మార్చే మాట ఎవరైనా ఎత్తితే గట్టిగా అడ్డుపడండి. ఏబీఎస్ చల్లారితే సుమారు అర శాతం కుంచించుకుంటుంది. పాలీప్రొపిలీన్ అంతకు రెండుమూడు రెట్లు కుంచించుకుంటుంది. 100 మిల్లీమీటర్ల మూతలో ఆ తేడా ఒక మిల్లీమీటరు దాకా రావచ్చు, ఆ మూత ఇక కూర్చోదు.

ఎలక్ట్రానిక్స్ వాళ్లతో తగువు తప్పదు. బోర్డు రెండు మిల్లీమీటర్లు పెరిగిందన్న కబురు సాధారణంగా శుక్రవారం సాయంత్రమే వస్తుంది. బోర్డు మీద అన్నిటికంటే ఎత్తైన విడిభాగం ఏది, కేబుల్ ఏ వైపు నుంచి దూరుతుంది, యాంటెన్నా దగ్గర లోహం ఎంత దూరం ఉండాలి, ఇవి మాటగా కాక మెయిల్‌లో రాయించుకోండి. బ్యాటరీ విషయంలో మొహమాటం అసలొద్దు. పౌచ్ సెల్ వాడకంలో ఉబ్బుతుంది. దానికి చోటు వదలాలి, స్క్రూ మొన దాని వైపు చూడకూడదు. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోయాక, ఒక సరఫరాదారు సెల్స్‌లో పై మూలన ఎలక్ట్రోడ్ వంగిందని శామ్‌సంగ్ మరుసటి జనవరిలో వివరించింది. సన్నగా చేయమని ఒత్తిడి వచ్చినప్పుడు ఈ సంగతి టేబుల్ మీద పెట్టండి.

ఇక అతి పనితనం. అమెరికాలో జూసెరో అనే జ్యూస్ యంత్రం 699 డాలర్లకు వచ్చింది, తర్వాత 399కి దిగింది. విప్పి చూసినవాళ్లు లోపలి ఇంజనీరింగ్‌కి ముచ్చటపడ్డారు. తీరా ఆ యంత్రంలో పెట్టే ముక్కల సంచీని చేత్తో పిండినా రసం వస్తుందని 2017 ఏప్రిల్‌లో విలేఖరులు చూపించారు. సెప్టెంబరుకి కంపెనీ మూతపడింది. బజార్లో దొరికే స్క్రూతో పని జరిగేచోట ప్రత్యేకంగా స్క్రూ చేయించకండి. నా లెక్కలో అది గొప్ప ఇంజనీరింగ్ కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవారికి నేర్చుకునే చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి నడుస్తోంది. 2023లో మొదలైన టీ-వర్క్స్‌లో ప్రోటోటైప్ చేయించుకోవచ్చు. అన్నిటికంటే మేలు, మీ మోల్డ్ చేసే టూల్‌రూమ్‌కి వెళ్లి ట్రయల్ రోజున మెషిన్ పక్కన నిలబడటం. అక్కడి పెద్ద ఫిట్టర్‌ని "అన్నా, ఇందులో నీకు ఇబ్బంది పెట్టేదేంటి?" అని అడిగితే, సిమ్యులేషన్ చూపించనివి రెండుమూడైనా చెబుతాడు.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి. టూలింగ్‌కి డబ్బు విడిగా ఉందా? ఇదివరకు ఏ వస్తువైనా పీవీటీ, అంటే అసలు ఫ్యాక్టరీ లైన్ మీద చేసే చివరి పరీక్ష విడత, దాటిందా? ఒక్క ప్రోటోటైప్‌తో తీసిన వీడియో తప్ప చూపించడానికి ఇంకేమీ లేకపోతే, మీరు అక్కడ గడిపే మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. జీతం తగ్గించి ఈసాప్‌లు, అంటే కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు, ఇస్తామంటే షరతులు చదవండి. చాలాచోట్ల వెస్టింగ్, అంటే ఆ హక్కు పూర్తిగా మీదయ్యే గడువు, నాలుగేళ్లు. ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు. షేర్లుగా మార్చుకునేటప్పుడు, అవి ఇంకా అమ్ముడుపోకపోయినా, సాధారణంగా పన్ను పడుతుంది. ఉద్యోగం మానేశాక ఎన్ని రోజుల్లోగా కొనుక్కోవాలన్నది ఆఫర్ లెటర్‌లో ఉండకపోవచ్చు. ఈసాప్ పథకం పత్రం అడిగి తీసుకుని, సంతకానికి ముందే చదవండి.