బావి తోడితే ఏరు తగ్గుతుందా?

వేసవిలో మీరు ఏటికి వెళ్లే ఉంటారు. పైన ఇసుక పొడిగా ఉంటుంది. మూరెడు లోతున చెలమ తోడితే చల్లటి నీరు ఊరుతుంది. ఆ నీరు ఏటిదా, భూమిదా?

రెండూ ఒకటే. వానలు లేని నెలలలో కూడా కొన్ని నదులు సన్నగా పారుతూనే ఉంటాయి. ఒడ్డున నేలపొరలలో దాగిన భూగర్భజలం మెల్లగా ఊరి నదిలోకి దిగటమే ఇందుకు ముఖ్యకారణం. ఒడ్డున భూజలమట్టం నదిమట్టం కంటె ఎత్తున ఉన్నంతకాలం ఇలా జరుగుతుంది. అది కిందికి పడిపోతే దారి తిరగబడుతుంది. నది నీరే నేలలోకి ఇంకిపోతుంది.

ఒక ప్రయోగం చేసి చూడండి. వెడల్పాటి బేసిన్‌లో ఇసుక పోసి, ఒక పక్కగా వేలితో కాలువ గీయండి. కాలువలో నీరు నిలిచేవరకు ఇసుకను తడపండి. నాలుగైదు అంగుళాల దూరంలో, అడుగువైపు చిల్లులు పెట్టిన చిన్న డబ్బాను గుచ్చి, అందులో చేరే నీటిని చెంచాతో తోడి బయట పారబోస్తూ ఉండండి. కాలువను మీరు ముట్టుకోలేదు. అయినా అందులో నీరు తగ్గుతుంది. ముతక ఇసుకలో త్వరగా, సన్న ఇసుకలో ఆలస్యంగా.

ఈ ఆలస్యమే అసలు చిక్కు. ఒడ్డు పక్కనే ఉన్న బావి ప్రభావం కొద్దిరోజులలో నదిని చేరవచ్చు. మైళ్ల దూరాన ఉన్న బావిదైతే ఏళ్లు, ఒక్కొక్కప్పుడు పదుల ఏళ్లు పడుతుంది. బావి తోడే నీరు మొదట భూమిలోని నిల్వ నుండి వస్తుందనీ, పోనుపోను నదులకూ ఊటలకూ చేరవలసిన నీటికి కోత పడుతుందనీ అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ థైస్ 1940లోనే వివరించాడు.

ఇక నీటి పంపకానికి వద్దాం. కృష్ణానదిలో 2060 టి.ఎం.సి.లను (ఒక టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు) బచావత్ ట్రిబ్యునల్ మూడు రాష్ట్రాలకు పంచింది: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆనాటి ఆంధ్రప్రదేశ్‌కు 800. 1976లో వెలువడిన దాని తుది ఉత్తర్వులో ఒక షరతు ఉన్నది. ఏ రాష్ట్రమైనా భూగర్భజలాన్ని వాడుకుంటే, దానిని కృష్ణా నీటి వాడకంగా లెక్కించరాదట! మన బేసిన్ మాత్రం ఈ షరతును ఒప్పుకోదు.

అమెరికాలో రిపబ్లికన్ అనే నది ఉన్నది. (ఆ పేరుగల పార్టీకీ దీనికీ సంబంధం లేదు.) దాని నీటిని కొలరాడో, నెబ్రాస్కా, కాన్సాస్ రాష్ట్రాలు 1942లో పంచుకున్నాయి. ఒప్పందంలో భూగర్భజలం ప్రసక్తి లేదు. తరువాత నెబ్రాస్కా పొలాలలో వేలకొద్దీ బావులకు పంపులు బిగించారు. దిగువనున్న కాన్సాస్ తన వాటా తగ్గుతున్నదని 1998లో సుప్రీంకోర్టుకెక్కింది. భూగర్భజలం ఒప్పందంలోకి రాదని నెబ్రాస్కా వాదించింది. 2000లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2002లో రాజీ కుదిరింది: బావుల వల్ల నదికి ఎంత నీరు తగ్గినదో కంప్యూటర్‌తో లెక్కకట్టి, ఆ మేరకు వాటాలో వేయాలి. అయినా 2005, 2006 సంవత్సరాలలో నెబ్రాస్కా వాటా మించి వాడింది. అందుకు 55 లక్షల డాలర్లు చెల్లించాలని 2015లో కోర్టు తీర్పు చెప్పింది.

డబ్బు చెల్లించవచ్చు, పంపులూ ఆపవచ్చు. మరి నది వెంటనే కోలుకుంటుందా? మళ్లీ మీ బేసిన్ దగ్గరకు వెళ్లండి. తోడటం ఆపి, కాలువలో నీటి అంచున ఒక అగ్గిపుల్ల గుచ్చండి. డబ్బా చుట్టూ ఏర్పడిన పల్లం నిండేవరకు, కాలువలో నీరు ఇంకా కొంతసేపు తగ్గుతూనే ఉంటుంది.