పాలు ఎన్ని? మిల్క్ ఎంత?

తెలుగు మీడియం నుంచి డిగ్రీకి వచ్చినవాళ్లం మొదటి ఏడాది క్లాసులో నోరు విప్పం. విప్పితే "మెనీ మిల్క్స్" అని వస్తుందేమో, వెనక బెంచీలు నవ్వుతాయేమో అని భయం. మిత్రులారా, అది తెలివితక్కువతనం కాదు. మన భాష మనచేత అలా అనిపిస్తుంది.

మా ఇళ్లల్లో పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి, వడ్లు ఎండాయి అంటాం. అన్నీ బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, ప్యాడీ లెక్కకు రాని నామాలు. వాటికి మెనీ కాదు, మచ్. ముందు 'ఎ' రాదు, క్రియ ఏకవచనమే. లెక్కపెట్టాలంటే కొలత తేవాలి: ఎ లీటర్ ఆఫ్ మిల్క్, టూ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ. మనమూ వడ్లను బస్తాల్లోనే కదా లెక్కపెట్టేది!

గింజలన్నింటికీ ఒకే న్యాయం ఉందనుకోకండి. వీట్ లెక్కకు రాదు, బీన్స్ వస్తాయి. మనకూ కందులు బహువచనం, విసిరితే కందిపప్పు ఏకవచనం. ఇంగ్లీషువాళ్లే తికమకపడ్డారు. బఠాణీకి పూర్వం వాళ్ల మాట 'పీజ్', అది ఏకవచనమే. చివరి శబ్దం విని బహువచనమనుకుని, 17వ శతాబ్దంలో 'పీ' అనే కొత్త ఏకవచనం పుట్టించారు. వాళ్లనెవరూ నవ్వలేదు!

సైన్సువాళ్లకు ఇంకో సంగతి. వంటింట్లో సాల్ట్ లెక్కకు రాదు, సమ్ సాల్ట్ అనాలి. కెమిస్ట్రీ ల్యాబులో కాపర్ సల్ఫేట్ 'ఎ సాల్ట్'. 'ఒక రకం' అనే అర్థం వచ్చిందంటే లెక్కకు వచ్చినట్టే. ఏన్ యాసిడ్, ఫెర్టిలైజర్స్ అలాంటివే. ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, ఎవిడెన్స్‌లకు మాత్రం రికార్డులో ఎస్ తగిలించకండి. ఎ, ఏన్‌ల తేడా అక్షరంలో లేదు, శబ్దంలో ఉంది: ఎ యూనియన్, ఏన్ అవర్.

అసలు చిక్కు లిటిల్ దగ్గర. చెరువులో "ఎ లిటిల్ వాటర్" ఉందంటే కొంచెం ఉంది, ఒక తడి పెట్టుకోవచ్చు. 'ఎ' తీసేసి "లిటిల్ వాటర్" అంటే కొంచెమే ఉంది, నారు పోయకు అని. మనం 'ఏ' చేర్చి చెప్పేదాన్ని వాళ్లు 'ఎ' తీసేసి చెబుతారు. లెక్కకు వచ్చేవాటికి ఫ్యూ కూడా ఇంతే. హాస్టల్ నోటీసు బోర్డు మీద "ఎ ఫ్యూ సీట్స్" మిగిలాయని ఉంటే ఫీజు రేపు కట్టొచ్చు. 'ఎ' లేకుంటే ఇవాళే కట్టాలి.