ఇది యా బండికి చేసింది?

ఇంట్లో కారు తయారు చేసుకోవచ్చా అని హాస్టల్లో ఎవరినైనా అడిగి చూడండి. రెండు జవాబులు వస్తాయి. ఒకటి "అదంతా ఫారిన్‌లో మచ్చా", రెండోది "యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కదా". రెండూ సగం నిజాలే. మా నాయన, నేను కలిసి రెండు వేసవి సెలవుల్లో కర్నూలులో మా షెడ్డు ముందర ఒక చిన్న కారు కట్టినాం. అది నడుస్తుంది. ఆగుతుంది కూడా. కాకపోతే నడవడం ముందు నేర్చుకుంది, సరిగ్గా ఆగడం ఆలస్యంగా నేర్చుకుంది. ఆ ఆలస్యానికి కారణం నేను. మీలో ఎవరైనా బాజా టీమ్‌లో ఉన్నా, ఇంటి దగ్గర ఇట్లాంటి పని మొదలుపెట్టాలనుకున్నా, అదే తప్పు చేయకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

కిట్ కారు అంటే ఏమిటి?

1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు స్థాపించిన లోటస్ కంపెనీ 'సెవెన్' అనే చిన్న కారు తెచ్చింది. రెండు సీట్లు, సన్నటి గొట్టాల ఫ్రేము, మీద అల్యూమినియం రేకులు. మొత్తం బరువు సుమారు 500 కిలోలు. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. అదే కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను పడేది కాదు. దాంతో మామూలు ఉద్యోగస్తులు కూడా తమ గ్యారేజీల్లో కార్లు బిగించుకున్నారు. 1973లో కొనుగోలు పన్ను స్థానంలో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు వెళ్లాయి. వాళ్లు ఇప్పటికీ దాన్ని కిట్‌గా అమ్ముతున్నారు.

తర్వాత 1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకం ఒకటి వచ్చింది. 250 పౌండ్లతో సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని దాని పేరులోనే ఉంది. ఇందులో కిట్ కొనే పని లేదు. అంగుళం చదరపు గొట్టాలు కోసి ఫ్రేము మనమే వెల్డింగ్ చేసుకోవాలి. ఇంజను, గేరుబాక్సు, వెనక యాక్సిల్ మాత్రం ఒక పాత కారు నుంచి తీసుకోవాలి. ఆ పాత కారును డోనర్ అంటారు.

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా నాకు మొదట్లో డబ్బు తేడాగానే కనిపించింది. అసలు తేడా వేరే ఉంది. కిట్ అమ్మేవాడు ఏ భాగం పక్కన ఏ భాగం ఉండాలో ముందే లెక్క కట్టి ఇస్తాడు. డోనర్ పద్ధతిలో ఆ లెక్క మనమే వేసుకోవాలి. మనం వేయకపోతే అది వేయకుండానే మిగిలిపోతుంది.

డోనర్‌గా ఓమ్నీ

లోటస్ సెవెన్ తరహా కారుకు ఇంజను ముందుండాలి, వెనక చక్రాలు తిరగాలి. మారుతి 800లో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి పనికిరాదు. ఓమ్నీలో అదే 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద నిలువుగా ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనక యాక్సిల్‌ను తిప్పుతుంది. మైదుకూరులో మా మామ దగ్గర తుప్పు పట్టిన ఓమ్నీ ఒకటి మూలన పడి ఉండింది. దాన్ని లారీలో వేసుకుని ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు తెచ్చినాం.

ఇక్కడ ఒక మాట. ఇట్లా విప్పేసే బండి రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం బండి ఇక వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. మామతో ఆ కాగితం పెట్టించాకే నాయన స్పానరు పట్టుకున్నాడు.

కడప బండ మీద ఫ్రేము

నాయన పని గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేయడం. నాది మెకానికల్ మూడో సంవత్సరం. నేను ల్యాప్‌టాప్‌లో ఫ్రేము గీసి, ఒత్తిడి ఎక్కడ పడుతుందో రంగురంగుల బొమ్మలు తీసి చూపించినాను. ఆయన చూసి, "బాగుంది. దీన్ని యాడ పెట్టి అతికిస్తావు?" అన్నాడు.

నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. ఫ్రేము మెలిక లేకుండా రావాలంటే కింద సమతలంగా ఉండే బల్ల కావాలి. ఫ్యాక్టరీల్లో దీనికి సర్ఫేస్ ప్లేట్లు ఉంటాయి. మా దగ్గర ఉన్నవి కడప బండలు. ఇంటి అరుగుకని తెచ్చి మిగిలిపోయిన పాలిష్ బండలను ఇసుకలో పరిచి, సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు పోసి నాలుగు మూలలా మట్టం చూసినాం. పైపు రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆ పైపుకు ఐదు మీటర్ల దూరం కూడా ఒక లెక్క కాదు. నిప్పురవ్వలు నేరుగా పడితే రాయి పొర లేస్తుంది కాబట్టి అతికే చోట కింద రేకు పెట్టుకున్నాం.

ఫ్రేములో గుర్తుంచుకోవాల్సినవి మూడు.

మొదటిది, త్రిభుజం. నాలుగు గొట్టాల చతురస్రాన్ని మూల పట్టి తోస్తే వాలిపోతుంది. ఒక ఏటవాలు గొట్టం పెడితే కదలదు. నేను దీన్ని స్ట్రక్చర్స్ పాఠంలో చదివినాను. నాయనకు గేటు ద్వారా తెలుసు. ఏటవాలు పట్టీ లేని గేటు ఏడాదిలో నేలను గీస్తుంది.

రెండోది, మూలమట్టం. ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానమైతేనే ఫ్రేము గుంజులు లేకుండా ఉన్నట్టు. అతుకు పెట్టే ప్రతిసారీ ఇది కొలవాలి.

మూడోది, వెల్డింగ్ లాగుడు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుని గొట్టాన్ని తన వైపు లాక్కుంటుంది. అందుకే మొదట అన్ని చోట్లా చిన్న ట్యాకులు వేసి, తర్వాత ఒక అతుకు ఈ మూలన, ఇంకొకటి ఎదురు మూలన వేస్తూ పోవాలి. జింక్ పూత ఉన్న గొట్టాలు వాడొద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మే నెల కర్నూలు ఎండ గురించి చెప్పనక్కర్లేదు. ఉదయం ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేసేవాళ్లం.

ఇక భాగాలు బిగించే దశ. ఏది చేతికిచ్చినా నాయన తిప్పి చూసి ఒకటే అడిగేవాడు: "ఇది యా బండికి చేసింది?"

"ఓమ్నీదే కద నాయనా."

"ఓమ్నీదని తెలుసురా. ఓమ్నీలో ఇది ఎంత బరువు మోసేది, మన దాంట్లో ఎంత మోస్తుంది?"

స్ప్రింగు పట్టీలకు అడిగినాడు, రెండు ఆకులు తీసేసినాం. రేడియేటరుకు అడిగినాడు, గాలి తగిలేలా ముందుకు జరిపినాం. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగు పుట్టింది. "800 కిలోల బండిని ఆపే బ్రేకులు మన చిన్న బండిని ఆపలేవా?" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, పైపులు అన్నీ ఉన్నవి ఉన్నట్టే బిగించినాం.

బండి తిరిగిన రోజు

శనగ కోసేసిన మా చేనులో మొదటిసారి నడిపినాం. నేను స్టీరింగ్ దగ్గర, నాయన గట్టు పక్కన. రెండు రౌండ్లు బాగానే తిరిగింది. మూడో రౌండులో వేగం 30 దాటినాక గట్టిగా బ్రేకు తొక్కినాను. వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి తోక పక్కకు జారింది. రెప్పపాటులో వెనక్కి తిరిగి ఆగింది. దుమ్ము తగ్గాక చూస్తే, తోక జారిన వైపే పదడుగుల దూరంలో నాయన నిలబడి ఉన్నాడు.

ఆయన వచ్చి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. వెనక చక్రం పక్కన కూర్చుని, డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, "ఇది యా బండికి చేసింది?" అన్నాడు.

ఆ రాత్రి వేసిన లెక్క

మరుసటి రోజు బండిని ట్రాలీలో లారీ కాటాకు తీసుకుపోయినాం. నాయన సీట్లో కూర్చోగా మొత్తం 580 కిలోలు. ముందు చక్రాల మీద 310, వెనక 270. ఇది నిలబడి ఉన్నప్పటి బరువు. బ్రేకు వేసినప్పుడు కొంత బరువు వెనక నుంచి ముందుకు పోతుంది. ఎంత పోతుందో చెప్పే సూత్రం ఇది:

ముందుకు పోయే బరువు = మొత్తం బరువు × వేగం తగ్గే రేటు × గురుత్వ కేంద్రం ఎత్తు ÷ ముందు, వెనక చక్రాల మధ్య దూరం

వేగం తగ్గే రేటును గురుత్వ త్వరణంలో ఎన్నో వంతు అని తీసుకోవాలి. మా బండికి ఎత్తు సుమారు 0.5 మీటరు, చక్రాల మధ్య దూరం 2.1 మీటర్లు. సగం గురుత్వ త్వరణంతో ఆపుతున్నామనుకుంటే:

580 × 0.5 × 0.5 ÷ 2.1 = సుమారు 69 కిలోలు

అంటే బ్రేకు తొక్కిన క్షణంలో ముందు 379, వెనక 201. నేలను పట్టుకునే శక్తిలో వెనక చక్రాల వాటా సుమారు 35 శాతమే. ఓమ్నీ వెనక బ్రేకులను వెనక సీట్లలో మనుషులు, సామాను ఎక్కినా ఆగాలని చేసినారు. మా బండిలో వెనక మనుషులూ లేరు, సామానూ లేదు. దాంతో ఆ డ్రమ్ములు నేల పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ పట్టు పట్టినాయి.

ముందు చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి స్టీరింగ్ మాట వినదు గానీ తిన్నగా పోయి ఆగుతుంది. వెనకవి ముందుగా బిగుసుకుంటే తిరిగిపోతుంది. బాజా పోటీల్లో బ్రేకు పరీక్షకు నాలుగు చక్రాలూ బిగుసుకోవాలని అడుగుతారు. మన టీముల్లో చాలామంది అక్కడితో ఆగిపోతారు. నాలుగూ బిగుసుకుంటున్నాయా అన్నది ఒక ప్రశ్న. ఏవి ముందు బిగుసుకుంటున్నాయి అన్నది ఇంకో ప్రశ్న. రెండో దానికి కూడా మీ దగ్గర జవాబు ఉండాలి.

వెనక బ్రేకు పైపులో ఒత్తిడిని తగ్గించే సర్దుబాటు వాల్వు పెట్టినాం. టైర్ల పక్కన సున్నంతో గీతలు గీసినాం, చక్రం ఎప్పుడు ఆగిందో దూరం నుంచి కనబడటానికి. చూసే మనిషి దారికి పక్కన కాకుండా, బండి వెనక చాలా దూరంలో, గట్టు అవతల నిలబడాలని నియమం పెట్టుకున్నాం. 15 కి.మీ. వేగంతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచినాం. ఆగే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే 15 దగ్గర సుమారు 1.8 మీటర్లు, 30 దగ్గర 7 మీటర్లు. ముందు చక్రాల సున్నం గీత ముందు ఆగేదాకా వాల్వు తిప్పుతూ పోయినాం. అందుకు నాలుగు ఉదయాలు పట్టింది.

రోడ్డెక్కించవచ్చా?

లేదు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క కారునైనా పరీక్షించి రోడ్డుకు అనుమతించే పద్ధతి ఉంది. మన దగ్గర సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వది నమూనా బండిని పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ధ్రువీకరించాలంటుంది. అది కంపెనీలకు కుదిరే పని. జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, చట్టం వాటికీ వర్తిస్తుందని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామానికి చెందిన దత్తాత్రేయ లోహార్ కొడుకు కోరిక మీద తుక్కుతో, సుమారు 60 వేల రూపాయల ఖర్చుతో, కిక్కు కొడితే స్టార్టయ్యే చిన్న జీపు చేసినాడు. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకుంటూనే, నిబంధనలకు సరిపోదు కాబట్టి అధికారులు ఎప్పటికైనా ఆపుతారని చెప్పి, బదులుగా బొలెరో ఇస్తానన్నారు. 2022 జనవరిలో ఇచ్చారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో సుధాకర్ గారు సొంతంగా చేసిన వింత వింత బండ్లున్నాయి. ఈసారి అటు పోతే చూసి రండి.

మొదట్లో ఈ చట్టం మీద నాకు కోపముండేది. ఆ రోజు మా చేను ఒక రోడ్డయి ఉంటే, గట్టు పక్కన నాయన బదులు ఇంకెవరో నిలబడి ఉంటే అని ఆలోచించినాక తగ్గింది. పరీక్షించే మనిషి అడిగేది కూడా మా నాయన అడిగేదే. మనలాంటి ఒంటరి తయారీదారులకూ అట్లాంటి పరీక్షకు దారి ఉండాలన్నది మాత్రం న్యాయమైన కోరికే.

మా కారు ఇప్పటికీ షెడ్డులోనే ఉంటుంది. పంట లేనప్పుడు చేనులో తిరుగుతుంది. పోయిన నెల కాలేజీ ప్రాజెక్టుకని నేను ఒక పాత మోటారు తీసుకుపోతుంటే నాయన గేటు దగ్గర ఆపినాడు. ఆయన నోరు తెరవకముందే నేనే చెప్పినాను, అది ఏ మిషన్‌కు చేసిందో, ఎంత లోడు మోసేదో, మా దాంట్లో ఎంత మోయాలో. ఆయన తలూపి పక్కకు జరిగినాడు.