నాలుగు తిరుమలల ఎత్తున

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు పెరూ ప్రయాణం గురించే. అమెరికాలో పిల్లలకు సెలవులు దొరికినట్టున్నాయి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. డాలస్‌లో ఉండే మా అబ్బాయి మాచు పిచ్చు చూపిస్తానంటున్నాడు. ముందు కుస్కోలో దిగుతామట. అక్కడ గాలి ఉండదంటున్నారు. ఆక్సిజన్ డబ్బా తీసుకెళ్లాలా? రెండేళ్ల కిందట అలిపిరి నుంచి నడిచే కొండెక్కాను. బీపీ మాత్ర వేసుకుంటాను. ఈమధ్య మేడ మెట్లెక్కితే ఛాతీ కాస్త పట్టేసినట్టుంటోంది, ఆగితే తగ్గుతోంది. అబ్బాయికి చెప్పలేదు.
– ఒక అమ్మ, తెనాలి

జవాబు: గాలి ఉంటుందమ్మా. అందులో ఆక్సిజన్ పాలు కూడా తెనాలిలో ఉన్నంతే, 21 శాతం. పీడనమే మూడింట రెండొంతులకు పడిపోతుంది. ఇక్కడ రెండు గుక్కల్లో అందేది అక్కడ మూడు గుక్కల్లో అందుతుంది. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు, కుస్కో 3,400. నాలుగు తిరుమలలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. డబ్బా వద్దు, విమానం ఎక్కనివ్వరు. అక్కడ చాలా హోటళ్లలో ఆక్సిజన్ ఉంటుంది.

మీరు అడిగింది డబ్బా గురించే. చెప్పాలనుకున్నది మాత్రం చివర్లో దాచారు. టికెట్లు కొన్నాక వాడి సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నారు కదూ? మా అమ్మా ఇంతే. మెట్లెక్కితే పట్టేసి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పి గుండెది కావచ్చు. రెండేళ్ల నాటి అలిపిరి నడక ఇప్పుడు గుండె బాగుందనడానికి సాక్ష్యం కాదు. ఈ వారమే గుండె డాక్టర్‌కు చూపించుకోండి. ఈసీజీ, ఎకో తీయించి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో ఆయన్నే తేల్చనివ్వండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తే వారం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అబ్బాయికి ఇవాళే ఫోన్ చేయండి, డాలస్‌లో అర్ధరాత్రయినా సరే. డాక్టర్ సరేనంటే నిక్షేపంగా వెళ్లండి. మాచు పిచ్చు కుస్కోకన్నా దాదాపు వెయ్యి మీటర్లు కిందే ఉంటుంది. బీపీ మాత్ర మానొద్దు.

ప్రశ్న: కోకా ఆకు టీ తాగొచ్చా?
– న్యూజెర్సీ

జవాబు: తాగొచ్చు, అక్కడ అందరూ తాగేదే. దాంతో సొరొచే, అంటే కొండ జబ్బు, రాదని మాత్రం నమ్మకండి. ఆకులు మూటగట్టి అమెరికా తీసుకెళ్లకండి, చట్టం ఒప్పుకోదు. ఉద్యోగంలో డ్రగ్ పరీక్ష ఉంటే టీ జోలికే పోకండి.

ప్రశ్న: వచ్చే నెల పొద్దున లిమా నుంచి కుస్కోకు విమానం, మర్నాడే రెయిన్‌బో మౌంటెన్. ఇంటర్నెట్‌లో చదివి ఎసిటజోలమైడ్, డెక్సామెథాసోన్, సిల్డెనాఫిల్ మెడికల్ షాపులో కొన్నాను. మూడూ ముందునుంచే వేసుకుంటే మంచిదేనా? ఆక్సీమీటర్‌లో 90 కన్నా తగ్గితే ప్రమాదమని చదివి నిద్ర పట్టడం లేదు. షుగర్ బోర్డర్‌లో ఉంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 34, హైదరాబాద్

జవాబు: బాబూ, ఈ చీటీ రాసిందెవరు? షాపులో కుర్రాడా? మూడు మందులు కొనడానికి తీరిక దొరికింది, ఒక్క డాక్టర్ని అడగడానికి దొరకలేదు!

డెక్సామెథాసోన్ అంటే స్టెరాయిడ్. ఊళ్లలో ఒళ్లునొప్పులకూ జ్వరానికీ వేసి వేసి దాన్ని చక్కెర బిళ్ల చేశారు. అది తలనొప్పిని అణుస్తుందే గానీ ఒంటిని ఎత్తుకు అలవాటు చేయదు. ఆపగానే జబ్బు తిరగబెట్టొచ్చు. మీ షుగర్‌నూ ఎగదోస్తుంది. సిల్డెనాఫిల్‌తో తలనొప్పి వస్తుంది. కొండ జబ్బుకు మొదటి గుర్తూ తలనొప్పే. ఏది దేనివల్లో మీకెలా తెలుస్తుంది? ఆ రెండూ పక్కన పెట్టేయండి. ఎసిటజోలమైడ్ మంచి మందే. సల్ఫా పడదంటే అది కూడా కుదరకపోవచ్చు. మోతాదు మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి.

అసలు మందు మీ టికెట్లలో ఉంది. రెయిన్‌బో మౌంటెన్ ఎత్తు 5,000 మీటర్ల పైమాటే. విమానం దిగిన మర్నాడే అక్కడికెందుకు? కుస్కోలో దిగగానే బండెక్కి ఉరుబంబా లోయకు దిగిపోండి. అది 2,900 లోపే. రెండు మూడు రాత్రులు అక్కడ పడుకుని, మాచు పిచ్చు చూసి, ఆ తర్వాత కుస్కోకు రండి. ఆ రంగుల కొండ ఆఖర్న.

నేనూ కుస్కో వెళ్లాను. డాక్టర్ని కదా, నాకేమవుతుందిలే అనుకున్నాను. షాంపూ సీసా మూత తీస్తే చేతినిండా చిమ్మింది, అప్పుడైనా అర్థం కావద్దూ! మధ్యాహ్నం శాన్ బ్లాస్ మెట్లన్నీ ఎక్కాను. సాయంత్రానికి హతున్ రూమియోక్ వీధిలో, ఇంకాలు పేర్చిన పన్నెండు మూలల రాయి ముందు నిలబడితే తలలో ఉలి దెబ్బలు. మూలలు లెక్కపెడితే ఒకసారి పదకొండు, ఇంకోసారి పద్నాలుగు. రాత్రంతా వాంతులు. మా ఆవిడ నెమ్మదిగా నడిచింది కాబట్టి నిక్షేపంలా ఉంది.

ఆక్సీమీటర్ ఇంట్లో వదిలేయండి. ఆ ఎత్తులో 88, 90 చూపించడం మామూలే. కోవిడ్ రోజుల అంకె పట్టుకుని అక్కడ హడలిపోతే ఎలా? చూడాల్సింది మనిషిని. గీత మీద మడమకు వేలు ఆనించి నడవమనండి. తూలితే, మాట తడబడితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ముదిరితే, ఆ క్షణమే కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దామనొద్దు. ఉత్త తలనొప్పే అయితే ఆ రోజుకు పైకి కదలొద్దు, మద్యం ముట్టొద్దు.

ప్రశ్న: శాకాహారులం. కుస్కోలో ఏం తినాలి?
– గుంటూరు

జవాబు: బంగాళదుంపకు పుట్టిల్లే ఆ కొండలు. కీన్వా ఉంటుంది. ‘కుయ్’ అంటే ఏదో ఆకుకూర అనుకునేరు, గినీ పందిని కాల్చి పెడతారు. కుళాయి నీళ్లు తాగకండి.

ప్రశ్న: మా డాక్టర్ ఎసిటజోలమైడ్ ఇచ్చారు. ఇక్కడే ఒకరోజు వేసి చూస్తే వేళ్లు చిమచిమలాడాయి, సోడా రుచి చెడింది, మాటిమాటికీ పాస్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఆపేయనా?
– విశాఖపట్నం

జవాబు: వద్దు, అది ఆ మందు లక్షణమే. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం ఆపి ఆయనకు చెప్పండి. సోడా మానేయండి.