ఎముకలు, కండరములు: పుట్టుక నుండి వృద్ధాప్యము వరకు



ఈ పాఠమును మీరిప్పుడు ఎట్లు కూర్చుండి చదువుచున్నారు? వీపు వంచి, మెడ వ్రేలవేసి చదువుచున్నచో ఒక్క క్షణ మాగుడు. రెండు పాదములను నేలపై ఆనించి, వీపు నిటారుగా నిలిపి, పుస్తకమును కొంచెము పైకెత్తి పట్టుకొనుడు. ఇక చదువుదము.

మన శరీరమునకు ఆధారము ఎముకల గూడు. పెద్దవారి శరీరములో 206 ఎముకలు కలవు. అప్పుడే పుట్టిన శిశువునకు సుమారు 300 ఉండును. శిశువు ఎదిగిన కొలది వానిలో కొన్ని ఒకదానితో నొకటి అతుకుకొనును. అన్నిటిలో పొడవైనది తొడ ఎముక. అన్నిటికంటె చిన్నది చెవి లోపల నున్నది. అది బియ్యపు గింజ కంటెను చిన్నది.

రెండు ఎముకలు కలియు చోటును కీలు అందురు. మోకాలు, మోచేయి, భుజము అన్నియు కీళ్ళే. ఈ కీళ్ళను కదలించునవి కండరములు. మన దేహములో 600 పైగా కండరములు కలవు. కండరము లాగగలదే కాని నెట్టలేదు. అందువలన అవి జంటలుగా పని చేయును. మీ కుడి మోచేతిని మడచి, ఎడమ చేతితో భుజము క్రింది భాగమును తాకి చూడుడు. ముందు వైపు కండరము గట్టిపడి యుండును. చేయి చాచునప్పుడు వెనుక వైపు కండరము లాగును, ముందుది వదులగును.

ఎముక రాయివంటిదని తలంపకుడు. అది ప్రాణమున్నది. పాత భాగము తొలగుచు, క్రొత్త భాగము చేరుచు నిత్యము మారుచుండును. నడచినను, గెంతినను, బరువు మోసినను ఎముక గట్టిపడును. పని లేనిచో పలుచబడును. 2007వ సంవత్సరములో మన మలేషియా వ్యోమగామి షేక్ ముస్జాఫర్ షుకోర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు వెళ్ళి వచ్చిన సంగతి మీరు వినియుందురు. ఆయన ఎముకల శస్త్రవైద్యుడు కూడ. ఆ కేంద్రములో మనుష్యులు గాలిలో తేలుచుందురు గనుక కాళ్ళపై బరువు పడదు. అక్కడ నెలల తరబడి నివసించువారి ఎముకలు, కండరములు బలము కోల్పోవును. అందుచేత వారు దినమునకు సుమారు రెండు గంటలు వ్యాయామము చేయుదురు.

శైశవము: శిశువు మూడు నాలుగు నెలలకు మెడ నిలుపును, ఆరు నెలల ప్రాంతమున కూర్చుండును, ఏడాది వేళకు తప్పటడుగులు వేయును. మెలకువగా నున్నప్పుడు కొంతసేపు బోర్లా పడుకొనబెట్టి, పెద్దలు ప్రక్కనే యుండి ఆడించినచో మెడకు, భుజములకు బలము వచ్చును.

బాల్యము, కౌమారము: ఇది మీ వయస్సు. మీ పొడవాటి ఎముకల కొనల వద్ద మెత్తని ఎదుగుదల భాగములు కలవు. మీరు పొడుగగుట వానివలననే. ఈ వయస్సులో కూడబెట్టిన ఎముక బలమే జీవితమంతయు ఖర్చు పెట్టుకొను మూలధనము. ముప్పది ఏండ్లు దాటిన పిమ్మట ఆ నిధిని పెంచుట కష్టము. కనుక దినమునకు 60 నిమిషములైనను పరుగెత్తుడు, ఆడుడు. పాలు, రాగి జావ, మునగాకు కూర, ముల్లుతో తిను ఇకాన్ బిలిస్ చేపలు ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు నిచ్చును. ఎండ తగిలినచో విటమిన్ డి లభించును. బడిసంచి మీ బరువులో పదవ వంతు మించకుండుట మేలు: 30 కిలోల పిల్లవానికి 3 కిలోలు. సంచిని రెండు భుజములకును తగిలించుకొనుడు. ఒక కీలు వాచినను, కుంటుచు నడచినను, నొప్పి వలన రాత్రి మెలకువ వచ్చినను దాచక అమ్మతో చెప్పుడు.

నడివయస్సు: ఇది మీ తల్లిదండ్రుల వయస్సు. ఆయిల్ పామ్ తోటలో పొడవాటి గడకు కొడవలి కట్టి గెలలు కోయువారు గంటల తరబడి తల పైకెత్తి చూడవలెను. వారి మెడ, భుజములు నొచ్చును. కార్యాలయములో కంప్యూటరు ముందు కదలక కూర్చుండువారికి నడుము నొచ్చును. పనులు వేరైనను కారణము ఒకటే: ఒకే భంగిమలో చాలసేపు ఉండుట. నడుమనడుమ లేచి శరీరమును సాగదీయవలెను. బరువెత్తునప్పుడు మోకాళ్ళు వంచి, బరువును దేహమునకు దగ్గరగా పట్టుకొని లేవవలెను.

వార్ధక్యము: ఈ వయస్సులో ఎముకలు పలుచబడును, కండరములు సన్నగిల్లును, తూలుట కలుగును. స్త్రీలలో ఏబది ఏండ్లు దాటిన పిమ్మట ఎముక బలము త్వరగా తగ్గును. పడుటయే పెద్ద ప్రమాదము.

దీనిని నేను పుస్తకములో కంటె మా ఇంటిలోనే ఎక్కువగా నేర్చితిని. మా అమ్మ తోటలో తెల్లవారుజామున లేచి రబ్బరు చెట్ల బెరడు గీసి పాలు పట్టిన మనిషి. డెబ్బది నాలుగవ యేట స్నానపు గదిలో జారిపడగా తుంటి ఎముక విరిగెను. శస్త్రచికిత్స జరిగినది. మరునాడే ఫిజియోథెరపిస్టు వచ్చి ఆమెను నిలువబెట్టెను. ఇంటికి వచ్చిన తరువాత మేము తప్పు చేసితిమి. "పెద్దది, ఎంత కష్టపడిందో! ఇక పడుకోనీ" అని అన్నము, నీళ్ళు, సమస్తము మంచము వద్దకే అందించితిమి. ప్రేమతోనే చేసితిమి. మూడు వారములలో ఆమె తొడలు సన్నబడినవి. కూర్చుండుటకు కూడ ఆసరా కావలసి వచ్చెను.

ఫిజియోథెరపిస్టు మరల చూచి, "టీచర్ గారూ, ఆమెకు విశ్రాంతి నిస్తున్నామని మీరనుకుంటున్నారు. ఈ మంచం ఆమె బలాన్ని తీసుకుంటోంది" అని చెప్పెను. నాకు తల ఎత్తుటకు సిగ్గయ్యెను. పిల్లలకు ఆరోగ్య పాఠము చెప్పు నేనే ఇది తెలిసికొనలేకపోతిని.

ఆ సాయంకాలము నుండి నాల్గవ తరగతి చదువుచున్న నా కూతురు ఆ పని చేపట్టెను. కుర్చీ నుండి లేచి కూర్చుండుట దినమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము ఐదు సార్లు. మేము ప్రక్కనే నిలిచి పట్టుకొనువారము. "నేను లేవలేనే, పడిపోతానే" అని మా అమ్మ భయపడెడిది. "ఒక్కటి, అమ్మమ్మా! రెండు, అమ్మమ్మా!" అని నా కూతురు తెలుగులో లెక్క పెట్టెడిది. అమ్మమ్మకు మలై లెక్క నచ్చదు. ఆ విధముగా ఆ పిల్లకు తెలుగు అంకెలు కూడ వచ్చినవి. నాలుగు నెలలకు మా అమ్మ కర్ర పట్టుకొని వీధి గుమ్మము వరకు నడచి, తన మల్లె చెట్టునకు తానే నీళ్ళు పోసెను. మునుపటి నడక పూర్తిగా రాలేదు. అయినను ఆమె మంచమున మిగిలిపోలేదు.

ఫిజియోథెరపీ అనగా మందుతో గాక, క్రమమైన వ్యాయామముతోను, సరియైన కదలికతోను బలము తెచ్చు వైద్యము. కీలు గాయపడిన ఆటగానికి, పక్షవాతము వచ్చినవారికి, ఆలస్యముగా నడక నేర్చు శిశువునకు సహితము ఇది ఉపయోగపడును. ఎవరికి ఏ వ్యాయామము, ఎన్ని సార్లు అనునది వారే నిర్ణయింతురు. మనము ఊహించి చేయరాదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని మన పెద్దలందురు. మంచి అలవాటులను గూర్చి అది నిజమే. కాని కండరముల విషయములో మాను కూడ కొంత మారగలదు. తొంబది ఏండ్ల వృద్ధులు సహితము తగిన వ్యాయామముచే బలము పొందుదురు.

మీ ఇంటిలో తాతయ్యయో, నాయనమ్మయో, అమ్మమ్మయో ఉన్నచో నేడు మూడు పనులు చేయుడు. నేలపై నీరు ఒలికియున్నచో తుడువుడు. వారు నడచు దారిలో చెప్పులు, బొమ్మలు లేకుండ తీయుడు. సాయంకాలము వారి చేయి పట్టుకొని కొంత దూరము నడువుడు. వారి నడకను తొందరపెట్టకుడు. వారు చెప్పు తోట కథలు వినుడు.

పదములు – అర్థములు
కీలు: రెండు ఎముకలు కలియు చోటు
భంగిమ: శరీరమును నిలుపు తీరు
వార్ధక్యము: ముసలితనము
మూలధనము: మొదట కూడబెట్టిన ధనము

ప్రశ్నలు
1. కండరములు జంటలుగా ఎందుకు పని చేయును?
2. అంతరిక్షములో నివసించువారు ప్రతిదినము వ్యాయామము ఎందుకు చేయుదురు?
3. టీచరు ఇంటివారు ప్రేమతో చేసిన తప్పు ఏది? అది ఎట్లు సరియయ్యెను?
4. మీ ఇంటి పెద్దవారిని, చిన్ననాట వారు చేసిన పని ఏదో అడుగుడు. ఆ పనిలో ఏ ఏ కీళ్ళు ఎక్కువ కదలెనో ఐదు వాక్యములలో వ్రాయుడు.